అన్నయ్య ఫుట్‌పాత్ వదిలి రావడం లేదు

ప్రశ్న: మా అన్నయ్యకు 46 ఏళ్లు. టైలరింగ్ షాపు మూతపడ్డాక వదిన పిల్లలతో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆర్నెల్లుగా సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీదే పడుకుంటున్నాడు. రెండుసార్లు మా ఇంటికి తెచ్చినా మూడో రోజుకల్లా వెళ్లిపోయాడు. ఒళ్లు వంగక ఇలా తిరుగుతున్నాడని మావారు అంటారు.

జవాబు: ఒళ్లు వంగనివాడికి తిండి, కబుర్లు ఇష్టంగానే ఉంటాయమ్మా. మీ అన్నయ్యకు అవీ పట్టడం లేదేమో చూడండి. రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డిప్రెషన్‌ను అనుమానించాలి. బావగారి ఎదుట కంచం ముందు కూర్చోవడం ఆయనకు ఫుట్‌పాత్ కన్నా బరువై ఉండొచ్చు. కాబట్టి 'ఇంటికి రా' అనే మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. వారానికి రెండుసార్లు, చెప్పిన టైముకే వెళ్లి, నాలుగు ఇడ్లీలు చేతికిచ్చి పావుగంట పక్కన కూర్చోండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా అన్నయ్యా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయండి.

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, రేషన్ కార్డు లేకున్నా నిలువ నీడ లేనివారికి వైద్యం ఉచితం. డాక్టరుకు 'రోడ్డు మీద పడుకుంటాడు' అని ముందే చెప్పండి. ఇది చెప్పకపోతేనే చిక్కు. డిప్రెషన్‌కు ఇచ్చే మిర్టాజపిన్‌లాంటి మాత్ర మత్తుగా నిద్రపుచ్చుతుంది. ఫుట్‌పాత్ మీద అలా పడుకుంటే సంచీ పోతుంది, ఎవరైనా మీద పడ్డా మెలకువ రాదు. పొద్దున వేసుకునే సెర్ట్రాలిన్‌లాంటిది కుదురుతుందేమో అడగండి. మొదటి వారం కడుపులో తిప్పుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తేరుకున్నాక కూడా కనీసం ఆర్నెల్లు వాడాలి.

నెల మాత్రలు ఆయన చేతికివ్వకండి. పోవచ్చు, లేదా ఒకేసారి మింగొచ్చు. వారానికి సరిపడా మాత్రమే, ఆయన రోజూ వెళ్లే టీ కొట్టులో నమ్మకస్తుడుంటే ఆ మనిషి దగ్గర ఉంచండి. మందుల చీటీని ఫోన్లో ఫొటో తీసుకోండి. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి, రెండు వారాలకు మించి దగ్గుంటే టీబీకి కూడా. రోజూ తాగే అలవాటుంటే ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ రావచ్చు.

మీకు దారి తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రయినా పలుకుతారు. మీ ఇంటికి ఒప్పుకోకపోయినా జీహెచ్‌ఎంసీ నైట్ షెల్టర్‌కు ఒప్పుకోవచ్చు. సామాను తాళం వేసుకునే వీలుందా, తెల్లారగానే ఖాళీ చేయమంటారా అన్నది ముందు మీరే వెళ్లి చూసి రండి.