మండల కేంద్రంలో మెడికల్ షాపా, పెద్ద చైన్‌లో ఉద్యోగమా?

అమ్మాయి బీఫార్మసీ ఈ ఏడాదితో అయిపోతుంది, మాది మండల కేంద్రం, సెంటర్లో సొంత గది ఉంది, మెడికల్ షాపు పెట్టిద్దామనుకుంటే ఈలోపు పక్క టౌన్‌లోకి అపోలో, మెడ్‌ప్లస్ రెండూ వచ్చేశాయి, ఇంక చిన్న షాపు నడుస్తుందా అని ఒక తండ్రి అడిగారు.

నడుస్తుందండీ. కాకపోతే డిస్కౌంట్‌లో వాళ్లతో పోటీకి దిగితే మాత్రం నడవదు. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద రిటైలర్‌కి ఇచ్చే మార్జిన్ 16 శాతం. పన్ను సంగతి పక్కన పెడితే, షాపుకి 100 రూపాయలకు పడిన మందు 116కి అమ్మాలి. దాని మీద 20 శాతం తగ్గించారనుకోండి, వచ్చేది 92 రూపాయల 80 పైసలు, అంటే చేతి డబ్బులు పోయినట్టే. మరి చైన్లు ఎలా ఇస్తున్నాయంటారా? వేల షాపులకి కలిపి కొంటారు కాబట్టి వాళ్లకి తక్కువకే పడుతుంది, మిగతాది సొంత బ్రాండు మందుల్లో, సబ్బుల్లో, డైపర్లలో రాబట్టుకుంటారు. 2006లో హైదరాబాద్‌లో మొదలైన మెడ్‌ప్లస్ 2023లో తన పేరుతోనే మందులు తెచ్చి 50 నుంచి 80 శాతం తక్కువకి అమ్మడం మొదలుపెట్టింది. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు కొనేవాళ్లకి ఇది నిజంగా మేలే, కాదనను.

కానీ ఈ పోటీ అంతా ఎక్కడ? కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల, ముందే నాలుగు షాపులున్న రోడ్డు మీద. అక్కడ పేషెంటుకి రేటు తగ్గుతుంది గానీ, మీ మండలంలో రాత్రి పదింటికి పిల్లాడికి ఫిట్స్ మందు అయిపోతే పక్క టౌన్‌లోని 20 శాతం డిస్కౌంట్ ఏ మూలకి? రోజూ అమ్ముడుపోని మందులు కూడా కాస్త స్టాకు పెట్టి, ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ పెట్టి, ఊరి డాక్టర్లు ఏం రాస్తున్నారో కనిపెట్టుకుని ఉంటే జనం మీ దగ్గరికే వస్తారు. అలాంటి ఊళ్లో ఉన్న చిన్న షాపు కూడా మూతపడితే ఇక జనానికి ఏ బ్రాండు కావాలో ఎంచుకునే మాటే ఉండదు.

నా సలహా: ముందు ఒకటి రెండేళ్లు ఏదైనా చైన్‌లో చేయనివ్వండి. జీతం గొప్పగా ఉండదు, నిలబడి నిలబడి కాళ్లు పీకుతాయి, అయినా స్టాకు లెక్క, ఎక్స్‌పైరీకి దగ్గరైన సరుకు వెనక్కి పంపడం, ఏ మందు ఏ నెలలో కదులుతుందో కాలేజీ నేర్పదు. కౌంటర్ దగ్గర సొంత బ్రాండు అంటగట్టమని టార్గెట్ పెడితే ఒకటి గుర్తుంచుకోమనండి, షెడ్యూల్ హెచ్ మందుని, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుని, చీటీలో రాసినట్టే ఇవ్వాలి, కంపెనీ మార్చాలంటే డాక్టర్‌ని అడిగి రమ్మనాలి.

తర్వాత సొంత షాపు. గది కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి, కొలిచి చూసుకోండి. ప్రభుత్వ పథకం కింద నడిచే జన ఔషధి కేంద్రం కూడా ఆలోచించవచ్చు, కానీ అక్కడ జెనరిక్‌లే, అంటే కంపెనీ బ్రాండు పేరు లేని మందులే దొరుకుతాయి, బ్రాండు పేరు చెప్పి అడిగేవాళ్లకి నచ్చజెప్పే ఓపిక ఉండాలి.

అన్నట్టు, మీరు రాసినదాంట్లో అమ్మాయి ఏమంటోందో ఎక్కడా లేదు. తనకి ఆస్పత్రి ఫార్మసీయో, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షో ఇష్టమైతే పైదంతా వదిలేయండి. ఈలోపు ఎవరైనా వచ్చి, నెలకింత ఇస్తాం, అమ్మాయి ఫార్మసిస్టు సర్టిఫికెట్ మా షాపులో పెట్టండి, మీరు రానక్కర్లేదు అంటే గుమ్మంలోంచే పంపేయండి. అక్కడ తప్పుడు మందు ఇచ్చినా నోటీసు మీ అమ్మాయి పేరు మీదే వస్తుంది.