టెక్ సందేహాలు: జనం నిండగానే లైట్లు ఎందుకు బిగుసుకుపోతున్నాయి?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. ఫంక్షన్ హాళ్లలో స్టేజీ లైటింగ్ చేస్తాం. 48 ఎల్ఈడీ పార్ లైట్లు, ల్యాప్‌టాప్ ఆదేశాలను లైట్లకు చేర్చే ఒక ఆర్ట్‌నెట్ నోడ్ ఉన్నాయి. ల్యాప్‌టాప్ నుంచి హాల్ వైఫై మీదుగా నడిపిస్తాం. మధ్యాహ్నం ట్రయల్‌లో అంతా బాగుంటుంది. రాత్రి సంగీత్ మొదలయ్యాక లైట్లన్నీ ఒకే రంగులో బిగుసుకుపోతాయి. వరుస చివరి లైట్లయితే ఎప్పుడూ మినుకుమంటూనే ఉంటాయి. కొత్త నోడ్ కొనమంటారా?

జవాబు: వద్దు, ఆ డబ్బు దాచుకోండి. మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య మారింది నోడ్ కాదు, హాల్లోని ఫోన్లు. లైట్ల ఆదేశాలను నెట్‌వర్క్ మీద మోసే పద్ధతి ఆర్ట్‌నెట్. అది తన డేటాను యూడీపీలో, అంటే అందిందో లేదో చూసుకోని తీరులో పంపుతుంది. దారిలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపడం అందులో ఉండదు. బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో, అంటే నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ ఒకేసారి పంపితే వైఫై కూడా అందిందా లేదా అని అడగదు. మూడు నాలుగు వందల ఫోన్లు అదే గాలిలో వీడియోలు పంపుతుంటే మీ ప్యాకెట్లు తప్పిపోతాయి. నోడ్ చివరగా అందిన రంగునే పట్టుకుని కూర్చుంటుంది.

లైట్లకు వేరే నెట్‌వర్క్ ఉండాలి. ఈ మాట మీద నాకు రాజీ లేదు. ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ తీసుకుని, ల్యాప్‌టాప్‌నూ నోడ్‌నూ క్యాట్ 6 కేబుల్‌తో దానికే కలపండి. ఆ స్విచ్‌కు హాల్ రౌటర్‌ గానీ, సీసీ కెమెరాల వైరు గానీ తగలనివ్వకండి. ల్యాప్‌టాప్‌కు ఐపీ అడ్రస్ 2.0.0.1, నోడ్‌కు 2.0.0.10, రెండింటికీ సబ్‌నెట్ 255.0.0.0 అని చేత్తో ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌లో బ్రాడ్‌కాస్ట్ తీసేసి నోడ్ అడ్రస్‌కే పంపేలా యూనికాస్ట్ పెట్టండి. షో నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి. లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు డేటాను అటువైపు పంపేస్తాయి.

ఇక చివరి లైట్ల మినుకు సంగతి వేరు, అది నోడ్ నుంచి లైట్లకు ఆదేశాలు మోసే డీఎంఎక్స్ వైరుది. ఒక లైన్‌కు 32 లైట్లకు మించి తగిలించకూడదు, మీరు 48 గుచ్చారు. నోడ్‌కు రెండు అవుట్‌పుట్‌లుంటే రెండింటినీ ఒకే యూనివర్స్‌కు (512 చానెళ్ల గుంపు) పెట్టి, 24 చొప్పున పంచండి. ఒకటే ఉంటే సిగ్నల్‌ను రెండు లైన్లుగా పంచే స్ప్లిటర్ కావాలి. లైట్ల అడ్రస్‌లు మార్చే పనిలేదు: ఒక్కోటి 7 చానెళ్ల మోడ్‌లో ఉన్నా మొత్తం 336, యూనివర్స్‌లో 512 పడతాయి. మైక్ కేబుల్ వాడుతుంటే మానేయండి, డీఎంఎక్స్ కేబుల్ 120 ఓమ్‌లది. ప్రతి లైన్ చివరి లైటుకు, సిగ్నల్ కొస తగిలి వెనక్కి రాకుండా ఆపే టెర్మినేటర్ తప్పనిసరి. దీన్ని మీరే చేసుకోవచ్చు: ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ వైర్లకుండే గుండ్రటి రకం) మేల్ ప్లగ్గులో 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి టంకం వేస్తే చాలు. దాని మీద గోధుమ, ఎరుపు, గోధుమ గీతలుంటాయి. నల్లగొండలో ఒక పెళ్లి స్టేజీ వెనక నిలబడి చూశాను, సరిగ్గా ఇలాంటి ప్లగ్గు గుచ్చగానే గంటసేపు విసిగించిన మినుకు టక్కున ఆగిపోయింది.

ప్రశ్న: మా ఊరి గుడి గోపురానికి రంగుల లైట్లు పెడుతున్నాం. కంట్రోల్ గది 180 మీటర్ల దూరంలో ఉంది. క్యాట్ 6 లాగొచ్చా? (మహబూబ్‌నగర్ నుంచి)

జవాబు: లాగకండి, క్యాట్ 6 పరిమితి 100 మీటర్లు. మధ్యలో స్విచ్ పెట్టి దాటించవచ్చు గానీ, పాలమూరు వైపు ఎండాకాలం ఉరుముల వానలు తెలిసినవే కదా. ఆరుబయట రాగి తీగ ఉంటే, దగ్గర్లో పిడుగు పడినా ఆ దెబ్బ కంట్రోల్ గదిలోని పెట్టెల దాకా వస్తుంది. ఫైబర్ వేసి రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని వెలుగును నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) పెట్టండి. గాజు పోగులో కరెంటు పారదు. గోపురం దగ్గరి పెట్టెకు ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ వేరేగా ఉండాలి. రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టేవాళ్లు ఉండరు కాబట్టి, రంగుల వరుసలు దాచుకుని టైమ్‌కు తనంతట తానే నడిచే కంట్రోలర్ తీసుకోండి. కరెంటు పోయి వచ్చాక దానంతట అది మొదలవుతుందా లేదా అన్నది డబ్బు కట్టక ముందే, ప్లగ్గు పీకి పెట్టి చూపించమని అడగండి.