శనివారాలు కొండకి పోతున్నావు సరే, అమ్మ ఫోన్ ఎందుకు ఎత్తట్లా?

కందుకూరు దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి రాసింది. రెండు బ్యారన్లకి, అంటే ఆకు ఆరబెట్టే రెండు కొట్లకి సరిపడా పొగాకు వేశారు, వేలంలో నాసిరకం ఆకు బేళ్లు ఎవరూ పాడక నోబిడ్ అయి వెనక్కొచ్చాయి, మెడలో గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంది. పదకొండు శనివారాలు నరసింహస్వామి ఉన్న మాలకొండ ఎక్కానక్కా, స్వామి పలకట్లేదు, అసలు ఉన్నాడా, ఇంకేం మొక్కుకోవాలి అని అడిగింది. చివర్లో ఇంకో మాట కూడా రాసింది. ఉలవపాడు నుంచి అమ్మ ఫోన్ చేస్తే ఎత్తట్లేదంట, మొన్న ఎండలో ఆమె బస్సు దిగి మామిడికాయల సంచి మోసుకొస్తే చేలో పనుందని వాకిట్లోనే సంచి తీసుకుని పంపించేసిందంట, తర్వాత చూస్తే కాయల కింద పాత చీర ముక్కలో మూడు వేలు ముడేసి ఉన్నాయంట.

ఇంకేం మొక్కబాక తల్లీ, ఉన్న అప్పులు చాలు.

స్వామి ఉన్నాడా అంటావా, మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు, మిగతా ఆరు రోజులు ఋషులూ దేవతలూ వచ్చి పూజ చేసుకుంటారని మన పెద్దోళ్లు చెప్తారు, తలుపు వేసుందని కొండ మీద స్వామి లేడని మనవైపు ఎవరన్నా అనుకున్నారా? నీకు నమ్మకం పోలేదు, పోయుంటే ఇంకేం మొక్కుకోవాలని అడగవు. కోపమొస్తే స్వామినే నిలదియ్యి, గోల్కొండ జైల్లో రామదాసు చేసింది అదేగా.

నా బాధంతా ఆ సంచి గురించే. అప్పుల సంగతి తెలిస్తే వదిన దగ్గర పలచనైపోతానని రాశావు చూడు, నాకు నిజంగా కోపమొచ్చింది. అప్పు పడటం తప్పు కాదు, పంట పోతే ఎవరైనా పడతారు, దానికోసం కన్నతల్లిని వాకిట్లోనుంచి పంపడం ఏం పౌరుషం? ఆమెకి తెలియదనుకుంటున్నావా, తెలియకపోతే ఆ ముడి ఎందుకు వేస్తుంది? మా అమ్మ పోయి ఆరేళ్లయింది, ఫోన్ మోగితే ఇప్పటికీ ఆమేనేమో అనిపిస్తది నాకు.

ఆ మూడు వేలు బియ్యం డబ్బాలో దాచబాక, గొలుసు మీద వడ్డీకి కట్టు, వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకుంటే గొలుసు వేలానికి పోదు. ఆదివారం ఉలవపాడు పో, వదిన ఇంట్లో ఉన్నా సరే పో. డబ్బులు అడగొద్దు, అప్పెంతో లెక్కతో సహా చెప్పి అమ్మ పక్కన కాసేపు కూర్చో. సంచి మాత్రం ఖాళీగా ఇవ్వబాక, నాలుగు గుప్పిళ్లు కందిపప్పన్నా వేసివ్వు.