ఉగ్గు తిన్న రెండు గంటలకు వాంతులు: మా పాపకు కారణం దొరికిన తీరు

బొబ్బిలి నుంచి అడిగిన చెల్లెమ్మకు నమస్కారం. ఏడో నెల నడుస్తున్న మీ బాబు ఉగ్గు మొదలుపెట్టినప్పటి నుంచి అప్పుడప్పుడు ఉన్నట్టుండి వరుసగా వాంతులు చేసుకుంటున్నాడనీ, జ్వరం లేదనీ, సాయంత్రానికి మామూలుగా ఆడుకుంటున్నాడనీ, చూపించిన ప్రతిసారీ అజీర్తి అంటున్నారనీ రాశారు. శ్రీకాకుళంలో మా అమ్మాయికి ఆ వయసులోనే ఇదే జరిగింది. నేను వైద్యురాలిని కాను, కానీ మాకు కారణం ఎలా దొరికిందో వివరంగా చెప్పగలను.

దానికన్నా ముందు, ఆలస్యం చేయకూడని సందర్భాలు చెప్పాలి. వాంతి ఆకుపచ్చగా వచ్చినా, బిడ్డ ఆగి ఆగి గుక్కపట్టి ఏడుస్తూ కాళ్లు కడుపులోకి ముడుచుకుంటున్నా, మలంలో నెత్తురూ జిగురూ పడినా అది పేగులోకి పేగు దూరడం కావచ్చు. స్కానింగ్‌లో అది తెలుస్తుంది, గంటలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఉయ్యాల నుంచో మంచం మీద నుంచో పడ్డాక వాంతులు మొదలైనా, మాడు గుంటపడినా, ఉబ్బినా, చాలాసేపటి నుంచి మూత్రం పోయకపోయినా, పిలిస్తే కళ్లు తెరవకపోయినా, ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇవేవీ లేకుండా వాంతులు మళ్లీ మళ్లీ వస్తుంటే, గడియారం చూసి రాసిపెట్టుకోవడం కన్నా మంచి పరీక్ష లేదని నా నమ్మకం. ఏం పెట్టాం, ఎన్ని చెంచాలు, ఎన్ని గంటలకు, మొదటి వాంతి ఎప్పుడు, దాని రంగు ఏమిటి అన్నవి ఒక నోటుపుస్తకంలో రాశాను. ఇంట్లో పెద్దవాళ్లు వస కొమ్ముగానీ జాజికాయగానీ అరగదీసి నాకిస్తుంటే అదీ రాయాలి, ఎందుకంటే వస ఎక్కువైనా వాంతులు అవుతాయి. మా అత్తగారిని నొచ్చుకోకుండా అడిగి తెలుసుకున్నాను, ఆవిడ ఏమీ పెట్టడం లేదు.

పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: ఉదయం 8:30కి ఉగ్గు, నాలుగు చెంచాలు. 10:40కి మొదటి వాంతి. 11 దాటాక పాలు కూడా నిలవలేదు, తరువాత పసుపు నీళ్లే వచ్చాయి. పెదవులు తెల్లబడి, మెడ వాల్చేసి, పాప నా భుజం మీద గుడ్డలా పడి ఉంది. ఒంటి మీద దద్దుర్లు లేవు, ఆయాసం లేదు. సాయంత్రానికి బోర్లాపడి ఆడుకుంది. కడుపులో సూక్ష్మక్రిములు చేరితే ఇంత త్వరగా కోలుకోవడం, మళ్లీ కొన్నాళ్లకు అదే తీరుగా రావడం అరుదు. పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతిసారీ తిండికీ వాంతికీ మధ్య సుమారు రెండు గంటల ఎడం కనిపించింది.

మా ఇంట్లో అందరి అనుమానమూ పెసరపప్పు మీదికే పోయింది, బియ్యాన్ని ఎవరూ తలచుకోలేదు. అరసవల్లిలో అన్నప్రాసన నాడు నాలుకకు అంటించిన పరమాన్నానికి ఏమీ కాలేదు కదా అనుకున్నాం. పప్పు మానేసి పలచని గంజి పట్టిన రోజున కూడా వాంతులయ్యాయి. టెక్కలిలో మా అమ్మగారింట అరటిపండు, చోడి (రాగి) జావ తిన్నన్నాళ్లు మాత్రం ఏమీ లేదు.

ఆ పుస్తకం చూసి విశాఖపట్నంలో ఒక పిల్లల వైద్యుడు మా పాపకు పడనిది బియ్యమేనని చెప్పి, దీనిని ఎఫ్‌పైస్ అన్నారు. ఫుడ్ ప్రోటీన్ ఇండ్యూస్డ్ ఎంటరోకొలైటిస్ సిండ్రోమ్ అన్నది పూర్తి పేరు. ఆహారంలోని మాంసకృత్తు పేగుకు పడకపోవడం వలన తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల లోపు వాంతులవుతాయి, కొందరికి ఆ తరువాత విరేచనాలూ అవుతాయి. ఆవుపాలు, సోయా, బియ్యం, ఓట్స్, గుడ్డు, చేపలు సాధారణంగా దీనికి కారణమయ్యే ఆహారాలు. మామూలు అలర్జీకి చేసే రక్తపరీక్షలో ఇది చాలావరకు బయటపడదు, తల్లి చెప్పే వివరాలే నిర్ధారణకు ఆధారం. దీని మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చిందే 2017లో కాబట్టి, మీకు చెప్పినవారిని తప్పుపట్టకుండా ఈ పేరు చెప్పి అడగండి.

అన్నం తినే ఇంట్లో బియ్యం మాన్పించడం చెప్పినంత తేలిక కాదు. గంజి, అటుకులు, మరమరాలు, ఇడ్లీ, దోసె అన్నీ బియ్యమే, కొనుక్కొచ్చే పిల్లల ఆహారపు డబ్బాల్లో కూడా బియ్యపు పిండి ఉంటుంది. మేము చోడి జావ, కూరగాయలు, పళ్లు, పప్పు ఒక్కొక్కటిగా, మధ్యలో కొన్నిరోజులు ఆగుతూ పెట్టాం. తల్లిపాలు తాగి బాగానే ఉంటుంది కాబట్టి నేను అన్నం మానేయనక్కర్లేదని వైద్యుడు చెప్పారు.

వాంతులు మొదలైన రోజున తల్లిపాలు మానకూడదు. పది నిమిషాలు ఆగి ఓఆర్‌ఎస్ ఒక్కో చెంచా చొప్పున నెమ్మదిగా పట్టాలి. వాంతుల మందు మీ అంతట మీరు వేయవద్దు. వాడిపోయినట్టు పడి ఉంటే సెలైన్ అవసరం కావచ్చు, ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

చాలామంది పిల్లలకు మూడు నుంచి ఐదేళ్ల లోపు ఇది తగ్గిపోతుంది. మా అమ్మాయికి మూడో ఏడు వచ్చాక ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా అన్నం పెట్టి, గంటల తరబడి కనిపెట్టి చూసి, తగ్గిందని చెప్పారు. ఇంట్లో సొంతంగా ఆ ప్రయత్నం చేయకండి. బాబుకు ఈ జబ్బే అని తేలితే, దాని పేరు, పడని ఆహారం, వాంతులైతే చేయవలసిన చికిత్స ఒక కాగితం మీద వైద్యుడి చేత రాయించుకుని సంచిలో ఉంచుకోండి. రాత్రివేళ కొత్త ఊళ్లో డ్యూటీ డాక్టరుకు మొదటి నుంచి చెప్పుకోవలసిన అవసరం ఉండదు.