శిబిరంలో బీపీ ఎక్కువొచ్చింది... మాత్రలు మొదలుపెట్టాలా?

ప్రశ్న: మా ఊరి బడిలో ఓ ఆస్పత్రివాళ్లు ఉచిత వైద్య శిబిరం పెట్టారు. అమ్మకు 56 ఏళ్లు. బీపీ 158/96, అన్నం తిన్న గంటకు షుగరు 186 అని చీటీ రాసిచ్చారు. వెంటనే మాత్రలు వాడాలా? వచ్చే నెల మా యువజన సంఘం కూడా ఓ ఆస్పత్రితో కలిసి శిబిరం పెడుతోంది. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆ ఒక్క చీటీతో మాత్రలు మొదలుపెట్టకండి. అలాగని దాన్ని గూట్లో పడేయకండి. వారం రోజుల్లోపు మీ సబ్‌సెంటర్‌లోనో పీహెచ్‌సీలోనో వేర్వేరు రోజుల్లో రెండుసార్లు బీపీ చూపించండి. అప్పుడూ 140/90 దాటుతుంటే డాక్టరు మందు రాస్తారు. ఎప్పుడైనా 180/110 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివి ఉంటే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అన్నం తిన్న గంటకు 186 వచ్చినంత మాత్రాన షుగరు జబ్బని చెప్పలేం. రాత్రి తిన్నాక 8 గంటలు ఏమీ తినకుండా పొద్దున్నే రక్తం ఇవ్వాలి. 126 గానీ అంతకు మించి గానీ వస్తే మరో రోజు మళ్లీ చేసి ఖాయం చేస్తారు. మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయిస్తే రక్తహీనత ఉందేమో కూడా చూడమనండి. ఉంటే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఇక మీ శిబిరం. బీపీ తప్పుగా ఎక్కువ రావడానికి సగం కారణం మన ఏర్పాట్లే. ఎండలో వరసలో నిలబెట్టి, టీ ఇచ్చి, జాకెట్ చేతి మీదే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూ చూస్తారు. వరసను కుర్చీల్లోనే నడపండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి 5 నిమిషాలు కూర్చున్నాకే చూడాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. లావు చేతులకు పెద్ద పట్టీ తెమ్మని ఆస్పత్రివాళ్లకు ముందే చెప్పండి. చిన్నది చుడితే అంకె పెరుగుతుంది. నిమిషం ఆగి రెండోసారి చూడాలి.

షుగరుకు మనిషికో కొత్త సూది. ఒకే సూదిని తుడిచి వాడితే హెపటైటిస్-బి పాకుతుంది. వేలికి రాసిన స్పిరిట్ ఆరాకే గుచ్చాలి. పరగడుపున రమ్మని చాటింపు వేస్తే, ఇప్పటికే ఇన్సులిన్ వాడేవాళ్లు అది వేసుకుని తినకుండా వచ్చి పడిపోతారు. వాళ్లు పరగడుపున రానక్కర్లేదని అదే చాటింపులో చెప్పించండి.

ఎక్కువ వచ్చినవాళ్ల పేరు, ఫోను, అంకెలు ఆ సాయంత్రమే ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు అందాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు చూడటం ఎలాగూ వాళ్ల పనిలో భాగమే. ‘వందలమందికి పరీక్షలు’ అని ఫ్లెక్సీ కట్టడం తేలికే; ఈ జాబితా లేకపోతే అంతా వృథా. తర్వాతి పరీక్షలు తమ దగ్గరే చేయించుకోవాలని ఆస్పత్రి షరతు పెడితే ఒప్పుకోకండి.

‘ఉప్పు తగ్గించండి’ అన్న ఉపన్యాసం ఎవరి చెవికీ ఎక్కదు. లెక్క చెప్పండి: మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే, అంటే సుమారు ఒక టీస్పూను. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి, ఆవకాయకూ అప్పడాలకూ పోయేది కూడా అందులోనే.