పైపు మీద పడే ఆ తెల్ల గీత

ప్రశ్న: మా పెదనాయన చేత్తో చెక్కిన పొగాకు పైపులు సేకరించేవారు. చాలావరకు బ్రయర్ చెక్కవి. తెల్లటి మీర్‌షామ్ పైపు ఒకటుంది. దాన్ని ఆయన ఏళ్ల తరబడి తాగారు, కిందంతా గోధుమ రంగు పట్టింది. ఆయన పోయాక మా ఇంటివాళ్ల కోసం వీటన్నిటితో ఓ కలర్ ఆల్బం చేద్దామనుకున్నాను. డీఎస్‌ఎల్‌ఆర్, రెండు ఎల్‌ఈడీ లైట్లు ఉన్నాయి. ఎట్ల తీసినా పైపు గిన్నె (పొగాకు నింపే భాగం) మీద తెల్లటి గీత పడుతోంది, రంగు ఒక్కో ఫొటోలో ఒక్కో తీరుగా వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: ఆ గీత మీ లైటే. పాలిష్ పట్టిన గుండ్రటి చెక్క అద్దం లెక్క ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. చిన్న లైటు పెడితే కళ్లలో గుచ్చుకునే గీత, పెద్ద లైటు పెడితే వెడల్పాటి మెత్తని మెరుపు. అందుకే లైటును నేరుగా కొట్టకండి. ట్రేసింగ్ పేపర్‌ను ఒక చెక్క ఫ్రేముకు బిగించి, పైపుకు ఎడమ పక్కన, కొంచెం పైన, జానెడు దూరంలో నిలబెట్టండి. లైటు దాని వెనక రెండడుగుల దూరంలో ఉండాలి. ఇప్పుడు ఆ కాగితమే మీ లైటు. కుడివైపు తెల్ల థర్మాకోల్ ముక్క చాలు, రెండో లైటుతో పని లేదు.

మెరుపును పూర్తిగా చంపేయకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. గిన్నె ఎంత గుండ్రంగా ఉందో చూసేవాళ్లకు తెలిసేది దాని వల్లే. లెన్స్‌కు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) తగిలించి తిప్పుతుంటే చెక్క మీది మెరుపు తగ్గి లోపలి చారలు తేలుతాయి. చారలు బాగా కనబడుతూ, మెరుపు పల్చగా మిగిలిన చోట ఆపండి. పైపుకు వెండి పట్టీ ఉంటే మాత్రం దాని మీద పోలరైజర్ పనిచేయదు, లోహం తీరే వేరు. మా స్టూడియోలో పెంబర్తి ఇత్తడి కలశాలు తీసేటప్పుడు చుట్టూ తెల్లకాగితమే ఉంటే ఇత్తడి సున్నం వేసినట్టు పాలిపోతుంది. ఫొటోలో పడకుండా కాస్త పక్కన నల్ల చార్ట్ ముక్క నిలబెడితే అంచున సన్నని నల్లగీత వచ్చి ఆకారం లేచి నిలబడుతుంది. వెండి పట్టీకీ అదే చేయండి.

బ్రయర్ అంటే మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద మొదలు దగ్గర ఊరే గడ్డ. ఒక పక్క నిలువు చారలుంటే, ఇంకో పక్క పిట్టకళ్లలాంటి చుక్కలుంటాయి. చెక్కిన మనిషి అవి ఎటు రావాలో చూసుకునే గిన్నె మలుస్తాడు. కాబట్టి ప్రతి పైపుకూ రెండు వైపులా ఫొటో తీయండి.

రంగుకొస్తే, గదిలో ట్యూబ్‌లైటు ఆర్పి కర్టెన్ వేయండి. మీ గోడలకు పచ్చరంగో గులాబీరంగో ఉంటే అదీ చెక్క మీదికి వస్తుంది. వైట్ బ్యాలెన్స్ (లైటు రంగును బట్టి తెలుపును తెల్లగా చూపించే సెట్టింగు) ఆటోలో వదలకండి, మీ సమస్యకు సగం కారణం అదే. పైపు ఉన్న చోటే గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి ముందొక ఫొటో తీసి, మిగతావన్నీ దాని ప్రకారం సరిచేసుకోండి. ఫైల్ రా (RAW, కెమెరా మార్పులు చేయని ఫైలు) లో ఉండాలి. ట్రైపాడ్ మీద, ఐఎస్‌ఓ 100, ఎఫ్/11, 2 సెకన్ల టైమర్. లెన్స్ రంధ్రాన్ని ఇంకా చిన్నది చేసి ఎఫ్/22 దాకా పోతే ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

నోట పెట్టుకునే నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) కాడ పాతబడితే ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. కంప్యూటర్‌లో దాన్ని నలుపు చేయకండి. మీర్‌షామ్ విషయంలో ఇంకా జాగ్రత్త. అది తెల్లటి ఖనిజం, తాగేకొద్దీ రంగు పడుతుంది. ఆ గోధుమ రంగంతా మీ పెదనాయన తాగిన పొగే. తెల్ల వస్తువును చూసి కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) తగ్గించి బూడిదరంగు చేస్తుంది, అందుకని సగం స్టాప్ పెంచి, తెలుపు ఎక్కడా వివరం పోయి పేలిపోలేదని హిస్టోగ్రామ్‌లో (కెమెరా చూపే వెలుగునీడల గ్రాఫ్‌లో) చూసుకోండి. వెనక ముదురు బూడిదరంగు కాగితం పెట్టండి. పట్టుకునేటప్పుడు నూలు గ్లౌజులు వేసుకోండి. ముందు బ్రయర్ పైపులతో చేయి కుదిరాకే మీర్‌షామ్ జోలికి వెళ్లండి.