రాత్రి పదకొండు దాకా చదువుతున్నా మార్కులు ఎందుకు రావడం లేదు? నా అనుభవం చెబుతాను

అక్కా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబు తొమ్మిదో తరగతి. ఎస్‌ఏ-1లో, అంటే హాఫ్ ఇయర్లీలో, లెక్కలు 23, సైన్స్ 31. రాత్రి పదకొండు దాకా పుస్తకం ముందే ఉంటాడు, అయినా మార్కులు లేవు. వాళ్ల నాయన కొండకు జీపు తోలతారు, ఇంటికి ఎప్పుడొస్తారో తెలీదు. మీరు చదివింది ఏడో తరగతి దాకా, అదీ తెలుగు మీడియం. వాడివేమో ఇంగ్లీషు పుస్తకాలు. "నేనేం చెప్పగలను, ట్యూషన్ మార్చాలా?" అని అడిగారు.

ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం. మీరేం చెప్పగలరు అన్నదానికే ముందు జవాబు రాస్తాను. ఎందుకంటే నాకు చదవడం నేర్పింది ఐదో తరగతితో బడి మానేసిన మా నాయన.

మాది చిత్తూరు దగ్గర, పూతలపట్టు వైపు ఒక పల్లె. జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి క్వార్టర్లీలో నాకు లెక్కల్లో 19 వచ్చాయి, సైన్స్ కూడా అంతంత మాత్రమే. చదవక కాదు. నోట్సు పదిసార్లు చదివేదాన్ని, లైన్ల కింద స్కెచ్ పెన్నుతో గీతలు గీసేదాన్ని. పేజీ తెరిస్తే అంతా తెలిసినట్టే ఉండేది. పరీక్షలో మొదటి లైను రాసి, ఆ తర్వాత పెన్ను పట్టుకుని గోడ చూస్తూ కూర్చునేదాన్ని.

మార్కులు ఇంట్లో తెలిసిన మరుసటి రోజు తెల్లవారుజామున నాయన ఆవు దగ్గర కూర్చుని పాలు పిండుతున్నాడు. ఆరు లోపల పాలు కేంద్రానికి చేర్చాలి. నేను పక్కన తిన్నె మీద కూర్చుని న్యూటన్ మొదటి నియమం, అదే జడత్వ నియమం, పైకి చదువుతున్నాను. నాయన తలెత్తకుండానే, "పాపా, ఆ పుస్తకం ఆడ పెట్టు. ఇప్పుడు చదివినావే, అది చెప్పు" అన్నాడు. మొదలుపెట్టాను. "బాహ్యబలం పనిచేయనంత వరకు నిశ్చల స్థితిలో ఉన్న వస్తువు..." అక్కడ ఆగిపోయాను. అప్పుడే ఐదుసార్లు చదివిన వాక్యం. చెంబులో పాలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఇంగోసారి చెప్పు" అన్నాడు. మళ్లీ అక్కడే ఆగాను. "తడబడినావు చూడు, ఆడికే పో. ఆడ మాత్రం చదువు. మిగతాది నీకు వచ్చు" అన్నాడు.

జడత్వం అంటే ఏమిటో ఆయనకు తెలియదు. కానీ కూతురు ఎక్కడ తడబడిందో వినపడింది. ఆ పని మీరూ చేయగలరు అక్కా. వంట చేస్తూ చేయగలరు, గిన్నెలు తోముతూ చేయగలరు. పుస్తకం మూయించి "ఈరోజు చదివింది నాకు చెప్పు నాయనా" అనండి, తెలుగులోనే చెప్పమనండి. తప్పా ఒప్పా మీరు తేల్చక్కర్లేదు. ఎక్కడ గొంతు తగ్గింది, ఎక్కడ "అదే... అదీ..." అన్నాడు, అది పట్టుకోండి చాలు. "అంటే?" అని ఒక్క మాట అడగండి. ఆగిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని వాడే పుస్తకం తెరిచి చూసుకుంటాడు. మొదటి వారం విసుక్కుంటాడు, నేనూ ఏడ్చాను. తిట్టకండి, పక్కింటి పిల్లలతో పోల్చకండి. చెప్పలేకపోతే తిట్లు తప్పవని అనిపించిందా, మరుసటి రోజు నుంచి తలనొప్పి అంటాడు.

ఆ తర్వాత బీఈడీ చేసేటప్పుడు తెలిసింది, నాయన చేయించిన పని మీద పరిశోధనే జరిగిందని. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరితో దాన్నే మళ్లీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీవాడు పదకొండుకు పుస్తకం మూసినప్పుడు "అంతా వచ్చేసిందమ్మా" అనడం అబద్ధం కాదు. ఆ నిమిషానికి వచ్చినట్టే ఉంటుంది. పరీక్ష నాటికి ఉండదు.

ఇప్పుడు లెక్కలు. దీనికి చెప్పించడం చాలదు, దిద్దిన పేపరు కావాలి. మా లెక్కల సారు ఆ 19 మార్కుల పేపరు నా చేతికిచ్చి, పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం రాయమన్నారు. అసలు తెలియకపోతే "తె", తెలిసీ తప్పు చేస్తే "త", టైం చాలకపోతే "టై". ఇంటికొచ్చి లాంతరు పెట్టుకుని రాశాను, ఆ రోజు కరెంటు లేదు. నాకు ఏమీ రాదనే అనుకున్నాను. తీరా చూస్తే "త"లే ఎక్కువ. వాటిలో ఎక్కువ భాగం రెండే రెండు తప్పులు, మళ్లీ మళ్లీ. ఒకటి, -3 - 5 అంటే -8 అని కాకుండా 8 అని రాయడం. మైనస్ మైనస్ ప్లస్ అని ఎక్కడో విన్నాను, అది గుణకారానికి అని పట్టించుకోలేదు. రెండోది, 1/2 + 1/3 అంటే 2/5 అని రాయడం. పైనవి పైన, కిందవి కింద కూడేశాను. సరైన జవాబు 5/6.

ఈ రెండూ తొమ్మిదో తరగతి పాఠాలు కావక్కా, ఆరు, ఏడు తరగతులవి. ఇప్పుడు నేను హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను, ఏటా ఇదే చూస్తున్నాను. తొమ్మిదిలో లెక్కలు పోయిన పిల్లల్లో చాలామందికి ఎక్కడో భిన్నాలు, మైనస్ గుర్తులు, శాతాలు జారిపోయి ఉంటాయి. దాని మీద బీజగణితం ఎలా నిలబడుతుంది? అందుకే పాత పుస్తకాలు తెచ్చుకోమంటాను. నేను పక్కింటి పిల్ల ఏడో తరగతి పుస్తకం తీసుకుని పదిహేను రోజులు రోజుకు ఇరవై లెక్కలు చేశాను. తొమ్మిదో తరగతి పిల్ల ఏడో తరగతి పుస్తకం పట్టుకుందని స్నేహితురాళ్లు నవ్వుతారని అట్ట మార్చుకున్నాను. మీవాడికి కూడా ఆ సిగ్గు ఉంటుంది, ఇంట్లో ఎవరూ దాన్ని ఎత్తిచూపకుండా చూడండి.

ఇంగ్లీషు మీడియం గురించి ఒక మాట. సైన్స్ 31 రావడానికి సైన్స్ రాకపోవడమే కారణం కాకపోవచ్చు. నా క్లాసులో ఒకబ్బాయి "జస్టిఫై" అన్న ప్రశ్నలన్నీ వదిలేసేవాడు. అడిగితే ఆ మాటకు అర్థం తెలియదన్నాడు. "కారణం చెప్పి నిరూపించు" అని చెప్పగానే నోటితో గడగడా చెప్పేశాడు. డిస్టింగ్విష్, ఇల్లస్ట్రేట్, ఇన్ఫర్, స్టేట్ లాంటి ఇరవై, ముప్పై మాటలు ఒక కాగితం మీద తెలుగు అర్థంతో రాసి ఫ్రిజ్‌కో బీరువాకో అంటించండి. గవర్నమెంటు బడిలో ఇచ్చే పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి. ముందు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పేజీకి రమ్మనండి. మీవాడిది ప్రైవేటు స్కూలైతే తెలిసినవాళ్ల దగ్గర ఆ పుస్తకం అడగండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఒకసారి వచ్చేసిందని వదిలేస్తే మాత్రం పోతుంది. ఈరోజు చెప్పిన పాఠం రేపు రెండు నిమిషాలు, ఆదివారం ఐదు నిమిషాలు, నెలాఖరుకు ఒకసారి, ఎప్పుడైనా పుస్తకం చూడకుండానే. మా ఇంట్లో దీనికి టైం టేబుల్ ఉండేది కాదు. గోడ క్యాలెండర్‌లో తేదీ పక్కన పాఠం పేరు రాసేదాన్ని, అంతే. పాసైతే అలిపిరి నుంచి మెట్లెక్కిస్తానని మొక్కుకున్నానన్నారు కదా, మంచిదే. పాస్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, పరీక్షలకు ముందు కూడా ఒకసారి తీసుకెళ్లండి. టెన్త్‌కి ముందు నేను, మా పెదనాన్న కూతురు అలా ఎక్కాం. గాలిగోపురం వచ్చేదాకా ఒకరినొకరు సూత్రాలు అడుగుతూనే ఉన్నాం. చెప్పలేనివాళ్లు నిలబడి ఆలోచించాలి, రెండోవాళ్లు పది మెట్లు పైకి పోవచ్చు. ఆ రోజు అడిగిన సూత్రాలు నాకు ఇప్పటికీ గుర్తే.

పదకొండు దాకా కూర్చోబెట్టకండి. తొమ్మిదిన్నరకల్లా పడుకోబెట్టి ఐదింటికి లేపండి. ఫోన్ మీ దగ్గరే ఉండాలి.

ట్యూషన్ విషయం. నన్నూ చిత్తూరు టౌన్లో ఒక ట్యూషన్లో వేశారు. ఒక గదిలో నలభై మందిమి, సారు బోర్డు మీద లెక్క చేస్తే మేం నోట్సులోకి ఎక్కించుకునేవాళ్లం. మూడు నెలల డబ్బు పోయింది, నాయన పాల డబ్బు. బోర్డు మీద చూస్తే ఏ లెక్కయినా తేలికే. మీ ట్యూషన్లో సారు చేస్తున్నారా, బాబు చేస్తున్నాడా అన్నది కనుక్కోండి. వాడితో చేయించి తప్పు చూపించేవాళ్లయితే మార్చొద్దు. ఎక్కించుకోవడమే అయితే ఆ డబ్బు మిగుల్చుకోండి.

నాకు హాఫ్ ఇయర్లీలో లెక్కలు 31 వచ్చాయి. అంటే అప్పటికీ ఫెయిలే. ఆ రోజు నాయన ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున్నే మామూలుగా "చెప్పు పాపా" అన్నాడు. యాన్యువల్‌లో 54. టెన్త్‌లో 71. కాబట్టి వచ్చే ఎఫ్‌ఏలో, అంటే మధ్యలో పెట్టే చిన్న పరీక్షలో, మార్కులు పెద్దగా పెరగకపోతే కంగారుపడి ఆపేయకండి, కనీసం నాలుగు నెలలు చూడండి. పబ్లిక్ పరీక్షలకు ఇంకా ఏడాదిపైనే ఉంది. అక్కడ లెక్కల్లో వందకు 35 వస్తే పాస్, మీవాడు 23 దగ్గర ఉన్నాడు. మధ్యలో ఉన్న పన్నెండు మార్కులు బహుశా "త" అని రాసుకునే చోటే దొరుకుతాయి.

ఈ ఆదివారం ఆ లెక్కల పేపరు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. పేపరు ఇంటికి ఇవ్వకపోతే స్కూలుకెళ్లి క్లాస్ టీచర్ను చూపించమని అడగండి. "తె" ఎన్ని, "త" ఎన్ని, "టై" ఎన్ని వచ్చాయో ఇక్కడ కింద రాయండక్కా. ఏ తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టాలో నేను చూసి చెబుతాను.